మీ నాయిన ఏం జేస్తడు?

బడి గదిని సొంత పనికి వాడుకున్ననట. సంజాయిషీ ఇయ్యాల్నట. మూడు దినాలల్ల జవాబు రాయమని కాయితం వచ్చింది.

ఆ సొంత పనేందో కాయితంల రాయలేదు. నేను రాస్తున్న. ఆదివారం పొద్దున పదిన్నరకు ఏడో తరగతి గది తాళం తీసి, బెంచీ తుడిచి, చప్పుడు చేసే ఫ్యాను బందువెట్టి, ఒక ఆడపిల్లను కూసోబెట్టిన. ఆ పిల్ల చేతిల ఫోనున్నది. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్లు పదకొండు గంటలకు ఆ ఫోన్లనే ఉద్యోగం ఇంటర్వ్యూ చేస్తమన్నరు. నేను వరండాల నిలబడి, గేటు కాడ క్రికెట్ ఆడే పిల్లగాండ్లను అవతలికి పంపిన. ముప్పై నాలుగు నిమిషాలు. మల్ల తాళం వేసిన. ఇదీ నా నేరం.

ఇదే గదిల పండుగ పందిరి సామాను నెల దినాలు పెట్టుకున్నరు. పెద్దోళ్లింట్ల పెండ్లికొచ్చిన వంటోళ్లు రెండు రాత్రులు పండుకున్నరు. అప్పుడు ఎవరికీ కాయితం రాలేదు. సరే, అది పాత సంగతి. చెప్పి చెప్పి మన నోరు నొస్తది గని వాళ్ల చెవి నొవ్వదు.

కాయితం కన్న ఎక్కువ నన్ను పొడిచింది స్టాఫ్‌రూముల ఒక మాట. మంచోడే, నాతోని కలిసి చాయ తాగేటోడే. "సార్, ఇప్పుడు ఇంటర్వ్యూలన్నీ ఫోన్లనే గద. మొఖం చూసేది లేదు, ఇల్లు చూసేది లేదు. ఫోనుకు కండ్లుంటయా కులం చూడనీకి? ఇంకా మీవాళ్లకు వేరే గదులెందుకు, వేరే తయారీ ఎందుకు?" అన్నడు. ఇంకో ఇద్దరు తల ఊపిన్రు. అంతల బెల్లు కొట్టిన్రు, నేను క్లాసుకు పోయిన. ఆ దినం చెప్పని జవాబు ఇప్పుడు చెప్తున్న.

ఫోనుకు కండ్లు లేవు, నిజమే. చెవులున్నయి గద సార్.

నాది ఆత్మకూర్. నిజాం కాలంల అమరచింత సంస్థానానికి ముఖ్యపట్నం. మొన్నటిదాక పాలమూరు జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. కృష్ణ మీద కట్టిన జూరాల మాకు దగ్గరనే. నీళ్లు దగ్గరనే, వలస గూడ దగ్గరనే. దేశంల ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు పోసినా 'పాలమూరు లేబర్' అని ఒక సరుకు పేరు లాగ మమ్ముల పిలిచిన్రు. మా పెదనాయినలు, చిన్నాయినలు మేస్త్రి అడ్వాన్సు తీస్కొని లారీలెక్కిపోయినోళ్లే. మా నాయిన మాత్రం పోలే. ఆయనకు చెప్పులు కుట్టే పని తెలుసు. ఇంటి ముందర యాపచెట్టు కింద ఆరె, రంపె, గూటం, ఒక బండ. అదే ఆయన ఆఫీసు. మా ఇంట్ల డిగ్రీ అన్న మాట పలికిన మొదటి మనిషిని నేను. ఆ మాట ఆయన ఎన్నడూ సరిగ్గ పలకలేదు, 'డిగిరి' అనేటోడు.

2010ల డిగ్రీ, బీఎడ్ రెండూ చేతికొచ్చినయి. డీఎస్సీ ఎప్పుడో తెల్వదు. ఇంట్ల చెల్లె పెండ్లి అప్పు. హైదరాబాద్‌ల కాల్ సెంటర్లల్ల డిగ్రీ ఉన్నోళ్లను తీస్కుంటున్నరని విని, దోస్తుతోని నెట్ సెంటర్ల దరఖాస్తు పంపిచ్చిన. పదిహేను దినాలకు ఫోనొచ్చింది, రేపు సాయంత్రం నాలుగింటికి టెలిఫోన్ ఇంటర్వ్యూ అని.

అప్పుడు నా దగ్గర ఒక వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఉండె. పాలమూరు బస్టాండుల కొన్న. ఫోన్ ఇంటర్వ్యూ గురించి రెండు పేజీలు రాసిన్రు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోండి. తలుపులు వేసుకోండి. ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. వీలైతే ల్యాండ్‌లైన్ వాడండి. అద్దం ముందు చిరునవ్వుతో మాట్లాడండి, ఆ నవ్వు గొంతులో వినిపిస్తుంది. ఇట్లనే ఉండె.

నేను ఆ పుస్తకం రాసినాయనను ఎన్నడన్న కలిస్తే ఒక్క మాట అడుగుదామనుకున్న. అయ్యా, ఏ గది? మాకున్నదే ఒక్క గది. దాంట్ల ముసలవ్వ దగ్గుతుంటది. తలుపు వేసుకోవాల్నంటె ముందు తలుపుండాలె గద, మా గుమ్మానికి చీర కట్టి ఉంటది. ఇంట్లవాళ్లకు చెప్పొచ్చు, మాదిగవాడకంతటికీ ఎట్ల చెప్పాలె? బోరింగు కాడ బిందెల కొట్లాటకు చెప్పాల్నా? ఆ పుస్తకం తప్పు రాయలేదు, అది రాసింది మా కోసం కాదు, అంతే. ఫోన్ ఇంటర్వ్యూ అనే పరీక్షకు మొదటి ప్రశ్న ఎవరూ అడగకముందే ఉంటది: నీకు ఒక గది ఉన్నదా?

నాకు లేదు గనుక చెరువుకట్ట మీదికి పోదామనుకున్న. అక్కడ సిగ్నల్ బాగుంటది. చెప్పేటివన్నీ తెల్లకాయితం మీద రాసుకున్న. నాలుగింటికి గద, మూడున్నరకు బయలుదేరుదామని చొక్క వేసుకుంటున్న. ఫోన్ మోగింది. మూడుంబావు. వాళ్లకు తీరిక దొరికిందట, ఇప్పుడే చేస్తరట.

ఆగమన్నా ఆగుతరని నాకు తెల్వదు. ఇప్పుడు తెలుసు. అప్పుడు, పట్నపోడు ఆంగ్రేజీల మాట్లాడుతుంటె ఆగమనడం అంటె దొర ముందర చెప్పులేసుకొని నడిచినట్టే అనిపిచ్చింది. చెప్పుమన్న.

నాయిన చెట్టు కింద గూటంతోని తోలు కొడుతున్నడు. టక్, టక్, టక్. ఫోన్ల ఆమె అడిగింది: "వాట్ ఈజ్ దట్ నాయిస్?" నేను నాయిన దిక్కు చూసి చెయ్యి ఊపిన, ఆపు అని. ఆయన ఆపిండు. గూటం చేతిలనే ఉన్నది. ఎదురుంగ చెప్పు కోసం వచ్చిన మనిషి కూసున్నడు, ఆయనకు గూడ సైగ చేసిండు, మాట్లాడకని. ఇరవై రెండు నిమిషాలు ఇద్దరూ గట్లనే కూసున్నరు.

పేరు, చదువు, హాబీలు. హాబీ అంటె ఏం జెప్పాల్నో పుస్తకంల ఉన్నదే చెప్పిన, పుస్తకాలు చదువుడు అని. అది అబద్ధం కాదు. తర్వాత: "వాట్ ఈజ్ యువర్ ఫాదర్?"

ఈ ప్రశ్న నేను రాసుకున్న కాయితంల లేదు. నాయిన నా ముందరే ఉన్నడు, నన్నే చూస్తున్నడు. నేను మొఖం పక్కకు తిప్పి చెప్పిన: "లెదర్ బిజినెస్, మేడమ్."

"ఓ, నైస్. ఎక్స్‌పోర్ట్స్?"

"ఎస్ మేడమ్."

కురుమూర్తి జాతరకు వడ్డెమాన్ మాదిగలు చేసిన ఉద్దాలు పోతయి. దీపావళి ఎల్లినంక లక్షల మంది వచ్చి ఆ తోలు చెప్పులను మొక్కుతరు. దేవుని కాలికి చెప్పు కుట్టిన చెయ్యి ఆ ఒక్క దినం గొప్పది. మా నాయిన మనుషుల కాళ్లకు కుట్టిండు, ఏడాది పొడుగుత కుట్టిండు, ఆ పైసలతోనే నాకు 'డిగిరి' వచ్చింది. ఆయన కొడుకు ఆయనను ఆయన ముందరనే ఎక్స్‌పోర్టు చేసిండు.

ఆయనకు ఆంగ్రేజీ రాదని నా ధైర్యం. గని లెదర్ అన్న మాట, బిజినెస్ అన్న మాట తెల్వని చెప్పులోడు ఎవడు? రాత్రి బువ్వ తినేటప్పుడు అడిగిండు: "నేనేం బిజినెస్ జేస్తున్ననని జెప్తివిరా?" నేను పళ్లెంల చూసుకుంట కూసున్న. "అప్పు జేసుడు గూడ బిజినెస్సేనా ఏంది" అని నవ్విండు. అమ్మ నవ్వలే.

ఫోన్ల నేను పాసైన. గొంతు బాగున్నదని, మాట స్పష్టంగ ఉన్నదని ఆమెనే చెప్పింది. పన్నెండు దినాల తర్వాత మాదాపూర్‌ల ఎదురుంగ కూసోబెట్టిన్రు. సర్టిఫికెట్లు అడిగిన్రు. టీసీల కులం గడి ఉంటది గద. ఒకాయన దాన్ని చూసి ఇంకొకాయనకు ఇచ్చిండు. ఎక్స్‌పోర్ట్ కంపెనీ పేరేందని అడిగిన్రు. నా నోరు ఎండింది. ఐదు నిమిషాలల్ల అయిపోయింది. బయట ఒకామె వచ్చి చెప్పింది, "ఎం.టి.ఐ. ఎక్కువున్నది, మల్ల ట్రై చెయ్యండి" అని.

ఎం.టి.ఐ. అంటె ఏం రోగమో అనుకున్న. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. తల్లి భాష ప్రభావం. కాల్ సెంటర్లల్ల ఇదొక లెక్క. నీ ఆంగ్రేజీల నీ తల్లి ఎంత వినపడితె నీకు అంత తక్కువ మార్కులు. స్కూల్‌ను ఇస్కూల్ అంటె ఒకటి కోత. 'ఫ'ను 'ప' అంటె ఒకటి కోత. పన్నెండు దినాల కింద ఫోన్ల స్పష్టంగ ఉన్న నాలుక, టీసీ చూసినంక మొద్దుబారిందా? వాళ్లు కులం అన్న మాట నోటికి రానియ్యలేదు. ఎప్పుడన్న రానిస్తరా? వాళ్ల నోట్ల ప్రతిభ ఉంటది, కమ్యూనికేషన్ ఉంటది, 'మా కల్చర్‌కు సరిపోడు' అని ఉంటది. నాకు ఉద్యోగం రాకపోవడానికి కులమే కారణమని నేను కోర్టుల రుజువు చెయ్యలేను. నేను చెప్పిన అబద్ధం గూడ నా మెడకు ఉరైంది. కాని ఆ అబద్ధం నా చేత చెప్పించింది ఎవరు? పని గురించి అడగవలసిన నోరు తండ్రి గురించి ఎందుకడిగింది?

ఈ అనుమానం నా ఒక్కడి కడుపుమంట కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 66 వారాలు ఒక పని చేశారు. ఆంగ్ల పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హత ఒకటే. పేరు మాత్రం వేరు. ఒకటి అగ్రకులమని తెలిసే పేరు, ఒకటి దళితుడని తెలిసే పేరు, ఒకటి ముస్లిం పేరు. మొఖం లేదు, గొంతు గూడ లేదు, వట్టి కాయితం. పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుకు ఒక వంతు ఉంటే దళిత పేరుకు దాంట్లో మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. 2007 అక్టోబరులో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. అదే సంచికలో సురీందర్ జోధ్కా, క్యాథరీన్ న్యూమన్ రాసింది గూడ చదవాలె. ఉద్యోగాలిచ్చే మేనేజర్లను కూర్చోబెట్టి మాట్లాడితే, మేము ప్రతిభనే చూస్తం, కులం చూడం అని చెప్పినోళ్లే, కుటుంబ నేపథ్యం మాత్రం తప్పకుండ అడుగుతం అని చెప్పారు. తండ్రి ఏం చేస్తడు, ఇంట్ల ఎవరేం చదివిన్రు. మంచి కుటుంబం నుంచి మంచి ఉద్యోగి వస్తడని వాళ్ల నమ్మకం. మనువు కూడ ఇంతకన్న ఎక్కువేం చెప్పిండు?

కండ్లు లేని కాయితమే కులాన్ని గుర్తుపట్టినప్పుడు చెవులున్న ఫోను గుర్తుపట్టదా సార్?

ఇంకొక పాత కేసున్నది. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో సీట్ల కోసం రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో ముగించారని, అడిగింది తల్లిదండ్రులు, నివాసం గురించేనని పిల్లలు సుప్రీంకోర్టుకు పోయారు. అజయ్ హాసియా కేసు. 1980 నవంబరులో తీర్పు వచ్చింది. ఇంటర్వ్యూకు నూటికి 15 మార్కులు మించి పెట్టడం తగదన్నారు. ఇంటర్వ్యూను టేపురికార్డు చేస్తే మంచిదని గూడ అన్నారు. ఈ చివరి మాట మనోళ్లు ఎంతమందికి తెలుసు? ఇవాళ ప్రతి కంపెనీ తన గిరాకీ ఫోన్లను రికార్డు చేస్తది, 'నాణ్యత కోసం' అని ముందే చెప్తది. మన పిల్లల ఇంటర్వ్యూల నాణ్యత కోసం ఎవరు రికార్డు చేస్తరు? తప్పిపోయిన పిల్ల "ఏం అడిగిన్రో వినిపించండి" అని అడిగితె ఇచ్చే దిక్కున్నదా?

ప్రభుత్వం మెల్లగ మెల్లగ ఇంటర్వ్యూ నుంచి తప్పుకుంటున్నది. 1998 డీఎస్సీలో పంతులు ఉద్యోగానికి గూడ ఇంటర్వ్యూ మార్కులుండె. 2016 జనవరి నుంచి కేంద్రంలో కింది ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసిన్రు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు గూడ వద్దని తీర్మానించిన్రు. నాకు 2012 డీఎస్సీల ఉద్యోగమొచ్చింది. వంద మార్కులల్ల 80 రాతపరీక్షవి, 20 టెట్‌వి. మీ నాయిన ఏం జేస్తడని ఏ ఓఎంఆర్ షీటూ అడగలేదు. బుడ్డలు నింపిన, పంతులునైన. అదే నేను ఫోన్ల అయ్యేటోణ్ణి కాదు. ఇంటర్వ్యూ లేని చోట మా బతుకు నిలబడిందంటె, ఉన్న చోట ఏమైతున్నదో ఆలోచించుకోండి.

మనోళ్లను గూడ ఒక మాట అనాలె. సంఘాల మిత్రులు, యూనివర్సిటీల తమ్ముళ్లు, చెల్లెండ్లు కోపం చేసుకోకుండ్రి. మనం సర్కారు నౌకరి ఒక్కటే నౌకరి అన్నట్టు ముప్పై ఏండ్లు కొట్లాడినం. కొట్లాడాల్సిందే. 1994ల ఈదుముడిల మొదలైన దండోరా 2025 ఏప్రిల్ 14న తెలంగాణల వర్గీకరణ చట్టంగ అమలుకొచ్చింది. సంతోషమే, నేను గూడ డప్పు కొట్టిన. కాని పంచుకోనీకి కుండల బువ్వ ఎంతున్నది? తెలంగాణ 2014ల వస్తే మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022ల వచ్చింది. దాని ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024ల మల్ల కొత్త నోటిఫికేషన్. ఈ నడుమ కోచింగ్ సెంటర్లల్ల ముసలోళ్లయిన మన పిల్లలెందరు? రాజ్యాంగంలోని 16వ అధికరణం రిజర్వేషన్లు రాజ్యం కింది ఉద్యోగాలకే. ప్రైవేటు గేటు కాడికొచ్చేవరకు అది ఆగిపోతది. 'ప్రైవేటులో రిజర్వేషన్లు' అని ప్రతి సభల తీర్మానం చేస్తం, చాయ తాగుతం, పోతం. ఆ తీర్మానం గెలిచేదాక డిగ్రీ అయిన పిల్ల ఏం జెయ్యాలె? కార్పొరేట్ బానిసత్వం అని ఆమెకు ఉపన్యాసమిచ్చే హక్కు నెల జీతమొచ్చే నాకు లేదు, ఫెలోషిప్ వచ్చే మీకు లేదు.

అందుకే ఆదివారాలు తాళం తీస్తున్న. కరోనా 2020ల వచ్చినంక మొదటి వడపోత అంత ఫోన్లనే, వీడియోలనే అయింది. నా దగ్గర పదో తరగతి చదివి డిగ్రీలు చేసిన పిల్లలు ఒక్కొక్కరు వచ్చి, సార్ ఫోనొచ్చింది, మాట్లాడలేకపోయిన అని ఏడ్చినంక మొదలుపెట్టిన.

మేం ఏం జేస్తమో చెప్తున్న, పనికొస్తే మీ ఊర్ల చేయండి. మొట్టమొదలు, ఆగమనుడు నేర్పిస్తున్న. నవ్వకండి, ఇదే అన్నిటికన్న కష్టం. చెప్పకుండ ఫోనొస్తే, "ఇప్పుడు మాట్లాడే వీలు లేదు, ఎన్ని గంటలకు చేయమంటరు?" అని అడుగుడు. ఈ ఒక్క వాక్యం తెలుగుల, ఇంగ్లీషుల యాభైసార్లు పలికిస్త. తరతరాలు "అయ్యా" అని పరుగెత్తిన కాళ్లు ఆగాలంటె నాలుకకు పని చెప్పాలె. మాట్లాడేటాయన పేరు, కంపెనీ పేరు, ఏ ఉద్యోగం, ఏ ఊర్లె, నాలుగు ముక్కలు రాసుకోవాలె. రాసుకుంటున్నమని తెలిస్తే అవతలి మనిషి గూడ కొంచెం సదురుకొని మాట్లాడుతడు.

ఇక రెండోది, పిల్లలకు బాగ నచ్చేది. ఫోన్ ఇంటర్వ్యూ అంటె చూసి రాసే పరీక్ష! పంతులు ముందర కూసోని చిట్టీలు పెట్టుకోమంటున్నడంటె వాళ్లకు పండుగే. నీ దరఖాస్తు ముందర పెట్టుకో. దాంట్ల రాసిన ప్రతి ముక్క పక్కన రెండు మాటలు రాసుకో. కంపెనీ ఏం అమ్ముతదో, నువ్వేం పని చేయాల్నో తెలుసుకొని ఒక కాయితం మీద పెట్టుకో. అవతలోడు చూడడు గద. ఫోనుకు కండ్లు లేకపోవుడు మనకు పనికొచ్చేది ఈ ఒక్క కాడనే. అయితే మొత్తం రాసుకొని చదివితె పాఠం అప్పజెప్పినట్టుంటది, దొరికిపోతవ్. గుర్తుకే ముక్కలు, మాట నీది.

ఎదురుంగ ఉన్నప్పుడు ఆలోచిస్తే మొఖంల కనపడతది. ఫోన్ల ఊకుంటే లైన్ కట్టయిందనుకుంటరు, లేకపోతే రాదనుకుంటరు. అందుకని "ఒక్క నిమిషం, ఆలోచించి చెప్త" అని నోటితోనే చెప్పాలె. అర్థం కాకుంటె మల్ల అడగాలె. నేను ఆఫీసు రూముల కూసోని, పిల్లలను ఏడో తరగతి గదిల కూసోబెట్టి ఫోన్ జేస్త. కొన్నిసార్లు కావాలనే తొందరగ, మింగి మింగి మాట్లాడ్త. కొన్నిసార్లు కోపంగ. మొదటి రెండు వారాలు ఎవరూ మల్ల చెప్పమని అడగలేదు. అర్థం కాకున్నా "ఎస్ సార్" అన్నరు. ఆ "ఎస్ సార్" నాదే. "ఎస్ మేడమ్" అన్ననాటిది.

చార్జింగు, సిగ్నలు, రెండో ఫోనొస్తే కట్ కాకుండ చూసుకునుడు, ఇవి పిల్లలకే నాకన్న బాగ తెలుసు. ఒక్కటి మాత్రం గట్టిగ చెప్త. ఫోన్ల సెలెక్టయినవ్, రిజిస్ట్రేషన్‌కు పైసలు కట్టు, డిపాజిట్ పంపు, ఓటీపీ చెప్పు అన్నడంటె వాడు దొంగ. వెతికి వెతికి మన ఆకలి మీదనే వల వేస్తరు. మా ఊరి పిల్లగాడొకడు తల్లి పుస్తె కుదువపెట్టి కట్టిండు. ఆ నంబరు తెల్లారి మోగలేదు.

అనుభవం అన్న గడి దగ్గర మన పిల్లలంత 'నిల్' అని రాస్తరు. దాని మీద నాకు చానా కోపం. గద్వాల దిక్కు సీడు పత్తి చేన్లల్ల క్రాసింగుకు పోయిన పిల్లలు వీళ్లు. పొద్దున చీకట్ల లేచి ఏ పువ్వుకు ఏ పువ్వు రాయాల్నో తప్పకుండ చేసినోళ్లు. అది బాల కార్మికం, అది నేరం, ఆ నేరం చేసింది వాళ్లు కాదు. ఎండాకాలం సెలవులకు విదేశం పోయొచ్చిన పిల్లగాడు దాన్ని 'ఎక్స్‌పోజర్' అని రాసుకుంటడు. చేన్ల ఎండిన మన పిల్ల 'నిల్' అని రాసుకుంటది. ఎవరిది నిల్?

ఆ ఆదివారం గదిల కూసున్న పిల్ల బీకాం. అకౌంట్స్ ఉద్యోగానికి ఫోను. తల్లిదండ్రులు మేస్త్రి కింద గుంపుతోని పోతరు. ఎనిమిదో తరగతి నుంచి ఆ గుంపు లెక్కల పుస్తకం ఈ పిల్లనే రాసింది. ఎవరికి అడ్వాన్సు ఎంత, ఎన్ని దినాలు పనిచేసిన్రు, ఎన్ని నాగాలు, మేస్త్రి కోత ఎంత, మిగిలిందెంత. పద్నాలుగు మంది ఖాతాలు. దరఖాస్తుల అనుభవం 'నిల్'. నేను కొట్టేయించి మల్ల రాయించిన.

వరండాల నిలబడి నేను వింటనే ఉన్న. వినొద్దు, గని విన్న. ఆ ప్రశ్న వస్తదని నాకు తెలుసు. వచ్చింది. దాని గురించి మేం ముందే పంచాది పెట్టుకున్నం. ఈ ప్రశ్నకు జవాబు చెప్పొద్దు, ఉద్యోగానికి దీనికి సంబంధమేందని అడగాలె అని నా వాదన. "సార్, మీకు ఉద్యోగం ఉన్నది కాబట్టి మీరు అడగగలుగుతరు" అన్నది ఆ పిల్ల. నేను ఊకున్న. ఏం చెప్తదో నాకు చెప్పలేదు.

"మై ఫాదర్ అండ్ మదర్ ఆర్ లేబర్, మేడమ్. ఐ రైట్ అకౌంట్స్ ఫర్ దెయిర్ గ్రూప్. ఫోర్టీన్ మెంబర్స్." తర్వాత ఆ మేడమ్ ఏదో అడిగింది. పిల్ల అడ్వాన్సును వేతనంల నుంచి ఎట్ల తెగ్గోస్తరో చెప్పవట్టింది. ఇంగ్లీషు ఆగిన కాడ "కెన్ ఐ టెల్ ఇన్ తెలుగు?" అని అడిగి తెలుగుల చెప్పింది. మా పాలమూరు తెలుగే. దాంట్ల తల్లి నాలుక మొత్తం ఉన్నది. నేను గోడకు ఒరిగి నిలబడ్డ.

మా నాయిన ఇప్పుడు చెప్పులు కుడతలేడు, చూపు ఆనుతలేదు. ఈ కథ రాస్తున్నని చెప్పిన. "ఇంకా గది యాదికున్నదా నీకు" అన్నడు. గూటం పట్టుకొని కూసున్నప్పుడు ఏమనుకున్నవని అడిగిన. చెయ్యి తిమ్మిరెక్కిందన్నడు.

సంజాయిషీకి జవాబు నిన్న పంపిన. గదిని వాడింది నిజమే, ముప్పై నాలుగు నిమిషాలు, కరెంటు కాల్చలేదు అని రాసిన. సొంత పని అన్న మాట కింద గీత గీసి, ఈ మాటకు అర్థం చెప్పాలని నేను గూడ అడిగిన. ఆ పిల్లకు కంపెనీ నుంచి ఇంకా ఫోన్ రాలేదు. వచ్చే ఆదివారం ఇద్దరికి ఇంటర్వ్యూలున్నయి, ఒకరికి పదింటికి, ఒకరికి పన్నెండింటికి. తాళంచెవి నా దగ్గరనే ఉన్నది.